స్టెఫెన్ కర్రీ కాలేజీ రోజులు: అందరూ దాటేసే మూడో ఏడాది గురించి

ప్రశ్న: "స్టెఫెన్ కర్రీని ఒక్క పెద్ద కాలేజీ కూడా తీసుకోలేదంటారు, నిజమేనా? 2008 టోర్నమెంట్‌తో రాత్రికి రాత్రి స్టార్ అయిపోయాడా? మరుసటి ఏడాది వాళ్ల టీమ్ ఆ టోర్నమెంట్‌కే వెళ్లలేకపోయింది కదా, అలాంటప్పుడు డిగ్రీ మధ్యలో వదిలేసి ఎన్‌బీఏకి వెళ్లడం తొందరపాటు కాదా?"

మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చాలా ఏళ్లుగా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ స్టార్ అయిన కర్రీ, అంతకుముందు డేవిడ్‌సన్ కాలేజీలో ఆడిన ఆటలు దొరికినంతవరకూ పదేపదే చూశాను, పిల్లలకు చూపించాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 2008 మార్చిలో జరిగిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్ (అమెరికా కాలేజీల జాతీయ పోటీ) కర్రీకి పేరు తెచ్చింది. అతన్ని ప్రొఫెషనల్‌గా నిలబెట్టింది మాత్రం ఆ తరవాతి ఏడాది. అందరూ విఫలమైందనుకునే ఏడాది అది.

మొదటి ప్రశ్న. పెద్ద కాలేజీలు తీసుకోలేదన్న మాట నిజమే, కానీ జనం చెప్పుకునేంత సినిమా కథేం కాదు. కర్రీ అనామకుడు కాడు. వాళ్ల నాన్న డెల్ కర్రీ 16 సీజన్లు ఎన్‌బీఏలో ఆడాడు, అందులో పదేళ్లు షార్లెట్ హార్నెట్స్‌కే. అమ్మ సోన్యా వర్జీనియా టెక్‌లో వాలీబాల్ ఆడింది. అంటే ఇంట్లో ఆట ఉంది, నేర్పేవాళ్లున్నారు, ఊళ్లో అందరికీ ఆ ఇంటిపేరు తెలుసు. అడ్డొచ్చింది అతని ఒళ్లు. హైస్కూల్లో బాగా బక్కగా ఉండేవాడు. ఎత్తు ఆరడుగుల చుట్టుపక్కల. ఆ కొలతలతో ఆ స్థాయి కాలేజీ బాస్కెట్‌బాల్‌లో గార్డులను (బంతి నడిపే, దూరం నుంచి షాట్లు వేసే ఆటగాళ్లను) తట్టుకోలేడని పెద్ద కాలేజీల కోచ్‌లు అనుకున్నారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చిన్నప్పుడు కర్రీ బంతిని నడుము దగ్గర నుంచి ఎత్తి విసిరేవాడు. బలం చాలని పిల్లలందరూ అలాగే విసురుతారు. ఆ షాట్ పెద్ద డిఫెండర్ల ముందు పనికిరాదని డెల్‌కు తెలుసు. అందుకే స్కూల్ చివరి రెండేళ్లకు ముందు వేసవిలో కూర్చోబెట్టి షాట్ మొత్తం మార్పించాడు. బంతి తల పైనుంచి వెళ్లాలి. ఆ వేసవిలో చాలా రోజులు రింగ్ దగ్గర తప్ప దూరం నుంచి షాట్ వేయలేకపోయాడు. ఏడ్చిన రోజులున్నాయని తండ్రీకొడుకులిద్దరూ తరవాత చెప్పారు. ఈ రోజు ప్రపంచమంతా అనుకరించే షాట్ ఆ వేసవిలో తయారైంది.

అమ్మానాన్న చదివిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. కావాలంటే వచ్చి చేరు, టీమ్‌తో ప్రాక్టీస్ చెయ్యి అంది. డెల్ జెర్సీ నంబరును గౌరవంగా రిటైర్ చేసిన (ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కనపెట్టిన) కాలేజీ అది. అక్కడ నాకు కోపం కంటే జాలి ఎక్కువ వస్తుంది. అప్పటి కొలతలను చూసి లెక్క వేశారు, మూడేళ్ల తరవాత ఆ కుర్రాడు ఎలా ఉంటాడో వేయలేదు.

డేవిడ్‌సన్ షార్లెట్‌కు ఉత్తరంగా దాదాపు 20 మైళ్లు. రెండు వేలమంది విద్యార్థులు కూడా లేని కాలేజీ. పరీక్షలకు కాపలా ఉండదు, విద్యార్థి మాట మీద నడుస్తాయి. అప్పట్లో బట్టలు ఉతికి ఇచ్చే పని కూడా కాలేజీయే చేసేది. 1960లలో లెఫ్టీ డ్రిసెల్ కోచ్‌గా ఉన్నప్పుడు ఇదే డేవిడ్‌సన్ దేశంలో పెద్ద టీముల్లో ఒకటి. 1968, 1969 రెండేళ్లూ చివరి ఎనిమిది జట్లలో నిలిచి, రెండుసార్లూ నార్త్ కరోలినా చేతిలోనే ఓడింది. ఆ తరవాత ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ గెలవడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది.

కోచ్ బాబ్ మెకిల్లప్ న్యూయార్క్ దగ్గర ఒక హైస్కూల్ నుంచి 1989లో ఇక్కడికొచ్చాడు. మొదటి సీజన్‌లో 4 గెలుపులు, 24 ఓటములు. అయినా కాలేజీ ఆయన్ను ఉంచుకుంది, ఆయనా ఎక్కడికీ పోలేదు, 2022 దాకా అక్కడే ఉన్నాడు. కర్రీ ఆయనకు కొత్త కాదు. పదేళ్ల వయసులో మెకిల్లప్ కొడుకూ కర్రీ ఒకే బేస్‌బాల్ టీమ్‌లో ఆడారు. కర్రీని తీసుకోవాలని గట్టిగా అనుకున్నది ఎప్పుడో మెకిల్లప్ చాలాసార్లు చెప్పాడు. లాస్ వేగాస్‌లో ఒక వేసవి టోర్నమెంట్‌లో కర్రీ ఘోరంగా ఆడుతున్నాడట. పాస్‌లు బయటికి పోతున్నాయి, బంతి కాలికి తగిలి పోతోంది, షాట్లు పడటం లేదు. అయినా రిఫరీ మీద విసుక్కోలేదు, తోటివాళ్ల మీద నెపం పెట్టలేదు. బెంచ్ మీద కూర్చున్నప్పుడు మిగతావాళ్లకు చప్పట్లు కొడుతున్నాడు. మెకిల్లప్‌కు కావలసింది అదే. ఆటగాణ్ని ఎంచుకునేటప్పుడు మంచి రోజు కాకుండా చెడ్డ రోజు చూడాలని నేను నేర్చుకున్నది ఇలాంటివాళ్ల దగ్గరే.

ఆ చెడ్డ రోజు కాలేజీలో మొదటి మ్యాచ్‌లోనే మళ్లీ వచ్చింది. 2006 నవంబరు, ఈస్టర్న్ మిషిగన్ మీద. కర్రీ 15 పాయింట్లు కొట్టాడు, కానీ బంతి 13 సార్లు ప్రత్యర్థికి అప్పగించాడు, అందులో 9 హాఫ్ టైమ్ లోపే. డేవిడ్‌సన్ 18 పాయింట్లు వెనకబడింది. అప్పుడు కోచ్ ఏం చేయాలి? చాలామంది బెంచ్ మీద కూర్చోబెడతారు, రెండు వారాలు బయటికి రానివ్వరు. మెకిల్లప్ ఆడించాడు. డేవిడ్‌సన్ 81-77తో గెలిచింది. వెంటనే వచ్చిన మిషిగన్ మ్యాచ్‌లో కర్రీ 32 కొట్టాడు. ఆ మ్యాచ్ ఓడిపోయారు, కానీ టీమ్‌లో అతని స్థానం గురించి ఇక చర్చ లేదు.

మొదటి ఏడాది సగటు 21.5 పాయింట్లు. ఆ ఏడు దేశంలో కొత్తగా చేరిన ఆటగాళ్లలో అతని కంటే ఎక్కువ కొట్టింది టెక్సస్‌లో ఉన్న కెవిన్ డురాంట్ ఒక్కడే. 122 త్రీ పాయింటర్లు (గీత బయట నుంచి వేసే, మూడు పాయింట్లు వచ్చే షాట్లు), మొదటి ఏడాది ఆటగాళ్లకు అదే రికార్డు. డేవిడ్‌సన్ 29 గెలిచి, 5 ఓడింది. 2007 ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లోనే మేరీలాండ్ చేతిలో ఓడిపోయారు, అందులో కర్రీవి 30. అంటే మీరు రాత్రికి రాత్రి అంటున్న ఆ రాత్రికి ఒక ఏడాది ముందే బాస్కెట్‌బాల్ గమనించేవాళ్లకు అతను తెలుసు.

ఈ రెండేళ్లు అతను ఎలా ఆడాడో ఒక్కసారి ఆగి చూడాలి, మూడో ఏడాది అర్థం కావాలంటే ఇది ముఖ్యం. బంతి జేసన్ రిచర్డ్స్ చేతిలో ఉండేది. 2007-08లో మ్యాచ్‌కు 8.1 అసిస్ట్‌లతో (తోటివాడు పాయింట్లు కొట్టేలా ఇచ్చే పాస్‌లతో) దేశంలో అందరికంటే ముందున్న పాయింట్ గార్డ్ (బంతి నడిపి ఆట సాగించే ఆటగాడు) ఇతనే. కర్రీ పని బంతి లేకుండా పరిగెత్తడం. థామస్ శాండర్, ఆండ్రూ లవ్‌డేల్ లాంటి పెద్ద ఆటగాళ్లు స్క్రీన్ పెడతారు, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడతారు. కర్రీ వాళ్ల భుజానికి తన భుజం రాసుకునేంత దగ్గరగా చుట్టి వస్తాడు. మధ్యలో డిఫెండర్ దూరడానికి సందు ఉండదు. డిఫెండర్ స్క్రీన్ వెనక నుంచి తిరిగొస్తే కర్రీ బయటికే ఆగి కొడతాడు. డిఫెండర్ వెంటపడితే రింగ్ వైపు మలుపు తిరుగుతాడు. బంతి అందేసరికే కాళ్లు సిద్ధంగా ఉంటాయి, చేతికి వచ్చాక సర్దుకోవడం ఉండదు. ఇప్పుడు వారియర్స్‌లో చూసి మనం ఆశ్చర్యపోయే పరుగంతా మెకిల్లప్ దగ్గర పుట్టిందే.

ఇక 2007-08. మొదట్లో పెద్ద జట్లతో పెట్టుకున్నారు. నార్త్ కరోలినా చేతిలో 4 పాయింట్ల తేడాతో, డ్యూక్ చేతిలో 6 పాయింట్ల తేడాతో ఓడారు, యూసీఎల్ఏ చేతిలో కూడా ఓడారు. పది మ్యాచ్‌ల తరవాత లెక్క 4 గెలుపులు, 6 ఓటములు. అప్పట్నుంచి ఒక్కటీ ఓడకుండా 22 మ్యాచ్‌లు వరసగా గెలిచి 10వ సీడ్‌గా టోర్నమెంట్‌లోకి వచ్చారు (సీడ్ అంటే ముందే ఇచ్చే ర్యాంకు, అంకె చిన్నదైతే జట్టు బలమైనదని).

మొదటి మ్యాచ్ గొంజాగా యూనివర్సిటీతో, అందులో ఒక్క క్షణం చూస్తే చాలు. నిమిషం పైచిలుకు మిగిలి ఉంది, స్కోరు 74-74. డేవిడ్‌సన్ షాట్ తప్పింది. లవ్‌డేల్ ఇద్దరి మధ్యలో దూరి రీబౌండ్ (తప్పి తిరిగొచ్చిన బంతి) లాక్కున్నాడు. రింగ్ కిందే ఉన్నాడు, తనే పైకి వేయొచ్చు. వేయలేదు. తల తిప్పి త్రీ పాయింట్ గీత వెనక కర్రీ ఎక్కడున్నాడో చూసి బయటికి పంపాడు. 77-74. ఆ రోజు కర్రీ 40 కొట్టాడు, 10 త్రీలు వేస్తే 8 పడ్డాయి, 40లో 30 రెండో సగంలోనే. స్కోరు 82-76. కర్రీ పేరుతో గుర్తుండిపోయిన ఆ మ్యాచ్‌లో నాకు కళ్లముందు మెదిలేది లవ్‌డేల్ తల తిప్పడమే. టీమ్ అంతా ఒకే మాట మీద ఉంటే తప్ప నైజీరియా నుంచి వచ్చిన ఆ పెద్ద కుర్రాడికి ఆ క్షణంలో ఆ ఆలోచన రాదు.

తరవాత రెండో సీడ్ జార్జ్‌టౌన్. కర్రీకి మొదటి సగంలో 5 పాయింట్లే. డేవిడ్‌సన్ ఒక దశలో 17 వెనకబడింది. రెండో సగంలో కర్రీ 25 కొట్టాడు, 74-70తో గెలిచారు. డెట్రాయిట్‌లో విస్కాన్సిన్‌తో మ్యాచ్‌కు కాలేజీ ట్రస్టీలే సొంత డబ్బుతో విద్యార్థులకు బస్సులు, హోటళ్లు, టికెట్లు ఏర్పాటు చేశారు. లెబ్రాన్ జేమ్స్ వచ్చి కూర్చుని చూశాడు. హాఫ్ టైమ్‌కు 36-36. రెండో సగంలో విస్కాన్సిన్ జట్టు మొత్తానికి 20 పాయింట్లు, కర్రీ ఒక్కడికే 22. అతని మొత్తం 33. దేశంలోనే గట్టి డిఫెన్స్ అనిపించుకున్న జట్టు మీద అది.

చివరికి కాన్సస్. మొదటి సీడ్. ఇక్కడ కర్రీని ఆపేశారనే అనాలి. 25 కొట్టాడు కానీ 25 షాట్లలో 9 పడ్డాయి, 16 త్రీలలో 4. ఒకరి తరవాత ఒకరు తాజా డిఫెండర్లను అతని మీదికి వదిలారు. నిమిషం లోపు ఉండగా త్రీ కొట్టి 59-57కి తెచ్చాడు. ఆఖరి బంతి డేవిడ్‌సన్‌దే. కర్రీ బంతి తీసుకొచ్చాడు, ఇద్దరు కమ్ముకొచ్చారు, చేతులెత్తడానికి చోటు లేదు. ఖాళీగా ఉన్న రిచర్డ్స్‌కు పాస్ ఇచ్చాడు. రిచర్డ్స్ దూరం నుంచి వేసిన షాట్ పడలేదు. కాన్సస్ కోచ్ బిల్ సెల్ఫ్ అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ కాన్సస్సే వారం తరవాత ఛాంపియన్.

ఆ ఆఖరి షాట్ కర్రీయే వేసి ఉండాల్సిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇద్దరు మీదికొస్తే మూడోవాడు ఖాళీగా ఉన్నట్టే. బంతి అతనికే వెళ్లాలి. పాస్ సరైనది, షాట్ పడలేదు, అంతే. కానీ ఆ ఆటలో ఇంకో విషయం బయటపడింది. బంతి తనే తీసుకొచ్చి, ఇద్దరి ఒత్తిడిలో, చివరి క్షణంలో ఆట నడపడం కర్రీకి అప్పటికి కొత్త. మూడో ఏడాది అక్కడ మొదలవుతుంది.

ఆ వేసవి అతను ఎన్‌బీఏకి వెళ్లొచ్చు. ఒక సీజన్‌లో 162 త్రీలు కొట్టి 1987 నుంచి ఉన్న 158 రికార్డు బద్దలుకొట్టాడు. దేశమంతా పేరు తెలుసు. వెళ్లలేదు. తిరిగొచ్చేసరికి రిచర్డ్స్ లేడు, శాండర్ లేడు, ఇద్దరి చదువూ అయిపోయింది. మెకిల్లప్ బంతిని కర్రీ చేతిలో పెట్టాడు. ఆ ఏడాదే మగవాళ్ల కాలేజీ ఆటలో త్రీ పాయింట్ గీతను ఒక అడుగు వెనక్కి జరిపారు, 19 అడుగుల 9 అంగుళాల నుంచి 20 అడుగుల 9 అంగుళాలకు. అంటే షాట్ దూరమైంది, స్క్రీన్ల చుట్టూ పరిగెత్తే పని తగ్గి బంతి నడిపే పని పెరిగింది, ఎదుటి టీములన్నీ అతని ఒక్కడి కోసమే ప్లాన్ వేసుకుని వస్తున్నాయి.

అంకెలు చూడండి. సగటు 25.9 నుంచి 28.6కి పెరిగింది, దేశంలో అదే మొదటి స్థానం. అసిస్ట్‌లు 2.9 నుంచి 5.6కి, దాదాపు రెట్టింపు. బంతి పోగొట్టుకోవడం కూడా 2.6 నుంచి 3.7కి పెరిగింది. త్రీల శాతం 43.9 నుంచి 38.7కి పడిపోయింది. ఈ చివరి రెండు అంకెలు చూసి వెనకబడ్డాడన్నారు చాలామంది. నేను చూసేది వేరు. ఒక ఆటగాడు కొత్త పని నేర్చుకుంటుంటే పాత పనిలో అంకెలు కొంత తగ్గుతాయి. తగ్గకుండా ఉండాలనుకునేవాడు కొత్తది నేర్చుకోడు. ఈ మాట మా పిల్లల తల్లిదండ్రులకు ప్రతి సీజన్‌లో చెప్పాల్సి వస్తుంది.

ఆ ఏడాదిలో రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి చూడాలి. 2008 నవంబరులో బ్లేక్ గ్రిఫిన్ ఉన్న ఓక్లహోమా మీద కర్రీ 44 కొట్టాడు, టీమ్ 82-78తో ఓడింది. వారం తరవాత మేరీలాండ్‌లోని లొయోలా కాలేజీ వచ్చింది. వాళ్ల కోచ్ ఆట మొత్తం ఇద్దరు ఆటగాళ్లను కర్రీకే అంటించి వదిలాడు, బంతి ఎక్కడున్నా సరే. కర్రీ ఏం చేశాడు? మూలకు వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరూ అతనితోపాటు మూలకే వెళ్లి నిలబడ్డారు. మిగిలింది నలుగురు మీద ముగ్గురు. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది. కర్రీ వేసినవి 3 షాట్లు, కొట్టినవి సున్నా పాయింట్లు. దేశంలో అందరికంటే ఎక్కువ కొడుతున్న కుర్రాడు తన సగటు పాడవుతుందని చూసుకోకుండా మూల నిలబడ్డాడు. తన దగ్గరికి ఇద్దరిని లాగి, మిగతావాళ్లకు ఖాళీ ఇవ్వడం. వారియర్స్‌లో కర్రీ మీదికి డబుల్ టీమ్ (ఇద్దరు కలిసి కమ్ముకోవడం) వచ్చినప్పుడల్లా తోటి ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ చేతికి బంతి వెళ్లి నలుగురు మీద ముగ్గురు అయ్యే ఆట మీరు చూసే ఉంటారు. దాని వెనకున్న లెక్క ఇదే.

ఫలితాలు మాత్రం దక్కలేదు. 27 గెలిచినా, డేవిడ్‌సన్ అప్పట్లో ఆడిన సదరన్ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) టోర్నమెంట్ సెమీఫైనల్లో కాలేజ్ ఆఫ్ చార్లెస్టన్ చేతిలో ఓడిపోయారు. చిన్న కాన్ఫరెన్స్ జట్టుకు ఆ టోర్నమెంట్ గెలవడమే ఎన్‌సీఏఏకి దాదాపు ఒకే దారి, అది మూసుకుపోయింది. రెండో శ్రేణి టోర్నమెంట్ ఎన్‌ఐటీలో ఒక మ్యాచ్ గెలిచి, సెయింట్ మేరీస్ చేతిలో ఆగిపోయారు. మూడేళ్లకు 2,635 పాయింట్లు, 414 త్రీలు. డేవిడ్‌సన్ చరిత్రలో అందరికంటే ఎక్కువ పాయింట్లు.

ఇక మీ మూడో ప్రశ్న. తొందరపాటు కాదని నా అభిప్రాయం, కారణం పైన చెప్పిందే. 2009లో ఎన్‌బీఏ టీములకు అతని షాట్ మీద అనుమానం లేదు. ఈ ఒంటితో పాయింట్ గార్డ్‌గా ఆడగలడా అన్నదే అనుమానం. దానికి జవాబు మూడో ఏడాదిలో ఇచ్చేశాడు. నాలుగో ఏడాది ఉండి ఉంటే అదే కాన్ఫరెన్స్‌లో అవే డబుల్ టీములు, నేర్చుకోవడానికి మిగిలింది తక్కువ. ఆ జూన్ 25న జరిగిన డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మినసోటాకు వరసగా 5, 6 స్థానాలు వచ్చాయి. రెండింటితోనూ గార్డులనే తీసుకున్నారు, రికీ రూబియోను, జానీ ఫ్లిన్‌ను. 7వ స్థానంలో గోల్డెన్ స్టేట్ కర్రీని తీసుకుంది. మొదటి సీజన్‌లోనే సగటు 17.5 పాయింట్లు, 5.9 అసిస్ట్‌లు. పాయింట్ గార్డ్ కాలేడన్న మాట అక్కడితో ఆగిపోయింది.

డిగ్రీ వదిలేశాడనడం కూడా పూర్తిగా సరికాదు. పూర్తి చేస్తానని అమ్మకు, మెకిల్లప్‌కు మాట ఇచ్చి వెళ్లాడు. డేవిడ్‌సన్‌లో పట్టా పుచ్చుకోని ఆటగాడి జెర్సీని రిటైర్ చేయరు, ఎంత పెద్దవాడైనా సరే. కర్రీ కోసం ఆ నియమం సడలించలేదు, అందుకు ఆ కాలేజీ అంటే నాకు గౌరవం. 2022లో సోషియాలజీ డిగ్రీ పూర్తిచేశాడు. ఆ ఏడే నాలుగో ఎన్‌బీఏ టైటిల్, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు. ఆగస్టు 31న కాలేజీలో అతని ఒక్కడి కోసం పట్టాల పండగ చేసి, అదే రోజు 30వ నంబర్ జెర్సీని రిటైర్ చేశారు.

వీడియోలు చూడాలనుకుంటే గొంజాగా, విస్కాన్సిన్ హైలైట్స్ కంటే ముందు పూర్తి మ్యాచ్ దొరికితే కాన్సస్‌ది చూడండి. షాట్లు పడని రోజున అతని కాళ్లు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో గమనించండి. తరవాత మూడో ఏడాది ఓక్లహోమా మ్యాచ్ పెట్టుకోండి, ఈసారి బంతి అతని చేతిలో ఉన్నప్పుడు ఎడమవైపు, కుడివైపు ఎవరు ఖాళీ అవుతున్నారో చూడండి. మీకు కూడా తేడా కనిపిస్తే, లేదా నేను చెప్పినదానికి భిన్నంగా కనిపిస్తే, ఇక్కడే రాయండి.